నడుముకు తుపాకీ కట్టుకుంటే భయం తీరుతుందా?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా దర్శి, ముండ్లమూరు, తాళ్లూరు, కురిచేడు ఊళ్లలో మిర్చి రైతు రాత్రిళ్లు కల్లంలోనే పడుకుంటాడు. ఎండుతున్న కాయల పక్కన మంచం, చేతిలో టార్చిలైటు, తలాపున కర్ర. క్వింటా ఇరవై వేలు పలికిన 2023 లాంటి ఏడు కల్లం మీద దొంగల కన్ను కూడా పడుతుంది. లక్షల సరుకును కర్రతో కాపలా కాసే మనిషికి "నా దగ్గరో పిస్టల్ ఉంటే బాగుండు" అనిపిస్తే తప్పు పట్టలేం. గుంటూరు యార్డులో సరుకమ్మి డబ్బుతో తిరిగొచ్చే వ్యాపారికీ, చీకటితో కూలి ఆటో ఎక్కే ఆడకూతురికీ, ఊళ్లో బలమున్నవాళ్లకు ఎదురు మాట్లాడిన పల్లె కుర్రాడికీ ఆ ఆలోచనే రావచ్చు. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన పిల్లలు "అక్కడ చొక్కా కింద తుపాకీ పెట్టుకుని తిరగొచ్చు, ఇక్కడెందుకు కుదరదు?" అని అడగనే అడుగుతున్నారు. ఆ ప్రశ్నను వెటకారంగా కొట్టిపారేయకూడదు. భయం నిజమైనదే. ఆ భయానికి తుపాకీ మందవుతుందా అన్నదే తేలాలి.

మన చట్టం ఏం చెబుతుందో ముందు చూద్దాం. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. లైసెన్స్ లేకుండా ఎవరూ తుపాకీ ఉంచుకోకూడదు. జిల్లాలో లైసెన్స్ ఇచ్చేది కలెక్టర్, అదీ పోలీసు నివేదిక వచ్చాకే. 21 ఏళ్లు నిండాలి. 2016 నిబంధనల ప్రకారం తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు కాగితం చూపాలి. ఒకప్పుడు ఒక మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చు. 2019 డిసెంబర్ సవరణ దాన్ని రెండుకు తగ్గించి, లైసెన్స్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి పేల్చే సరదాకు రెండేళ్ల దాకా జైలు శిక్ష పెట్టింది కూడా ఆ సవరణే. సామాన్యుడికి దొరికే చేతి తుపాకీ సాధారణంగా .32 బోర్ రివాల్వరో పిస్టలో. పోలీసుల దగ్గర కనిపించే 9 ఎంఎం పిస్టల్ లాంటివి నిషేధిత శ్రేణిలోకి వస్తాయి.

చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది. దాచిపెట్టి తిరగడం మన దేశంలో నేరమని అనుకుంటారు. లైసెన్స్ ఉన్నవాడి విషయంలో చట్టం చెప్పేది దానికి తలకిందులు. బహిరంగ స్థలంలో చేతి తుపాకీ ఒరలో, పూర్తిగా కప్పి ఉండాలని 2016 నిబంధనలు అంటాయి. పైకి కనబడేలా తిప్పుతూ నలుగురినీ బెదిరించడమే కుదరదు. కాబట్టి దాచుకుని తిరగొచ్చా లేదా అన్నది మన దగ్గర తగవే కాదు. ఆ లైసెన్స్ ఎవరికి దక్కుతుంది, దక్కినవాడికి దానితో ఒరిగేదేమిటి అన్నదే తగవు.

తుపాకీ పెట్టుకోవడం మన రాజ్యాంగంలో హక్కు కాదు. అదేదో యాదృచ్ఛికంగా జరిగింది కాదు. 1878లో లిట్టన్ కాలపు ఆయుధాల చట్టం యూరోపియన్లను వదిలేసి భారతీయుల చేతుల్లోంచి ఆయుధాలు లాగేసింది. ఆ అవమానం జాతి మనసులో చాలాకాలం సలిపింది. 1918లో గాంధీ అంతటివాడే ఆ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన చెడ్డ పనుల్లోకెల్లా చీకటిదిగా లెక్కగట్టాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసింది తుపాకుల కోసమే. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు పౌరుడికి ఉండాలన్న మాట ఉంది. తీరా 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును చేర్చాలని సవరణ తెస్తే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. హక్కుగా రాసేస్తే దొంగలూ దోపిడీదారులూ కూడా అదే హక్కు అడుగుతారన్నది ఆయన వాదన. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు మాత్రం మిగిలింది. 2023 ఫిబ్రవరిలో లైసెన్స్ లేని తుపాకుల మీద ఉత్తరప్రదేశ్ కేసు వింటూ సుప్రీంకోర్టు, అమెరికాలో ఉన్న హక్కు ఇక్కడ లేదని మళ్లీ గుర్తు చేసింది.

గాంధీ మాటను తుపాకీ లైసెన్సులు పెంచాలనేవాళ్లు తరచూ ఎత్తుకుంటారు. అందులో కొంత సబబు ఉంది. పాలకుడి చేతిలోనే ఆయుధమంతా ఉండటం ప్రమాదమే. అయితే ఆయన బాధ ఒక జాతిని నిరాయుధం చేసిన వివక్ష మీద. మనిషికో పిస్టల్ పంచాలన్న కోరిక అందులో లేదు. మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో పోలీసు తుపాకీ ముందు చొక్కా విప్పి నిలబడ్డప్పుడు ఆయన చేతిలో ఏమీ లేదు. వెనక జనం ఉన్నారు.

ఆత్మరక్షణ హక్కు సంగతి వేరు. అది మనకు గట్టిగానే ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా వచ్చాయి. ప్రాణం పోతుందన్న, తీవ్రంగా గాయపడతామన్న భయం కలిగినా, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటివి ఎదురైనా ఎదుటివాడి ప్రాణం తీసే దాకా వెళ్లొచ్చు. దోపిడీ, చీకటి పడ్డాక ఇంటి తలుపు పగలగొట్టడం, ఇల్లు తగలబెట్టడం ఎదురైనప్పుడూ అంతే. హద్దులు రెండు. పోలీసుల దగ్గరకు వెళ్లే వ్యవధి ఉంటే ఆ హక్కు రాదు. అవసరానికి మించి దెబ్బ తీయకూడదు.

ఈ హద్దుల మీద సుప్రీంకోర్టు 2010 జనవరిలో దర్శన్ సింగ్ కేసులో చెప్పింది మన రైతులు తెలుసుకోదగ్గది. పంజాబులో పొలం పంపకాల తగాదా. తండ్రి మీద గండాసాతో దాడి జరుగుతుంటే కొడుకు లైసెన్స్ ఉన్న తుపాకీతో కాల్చాడు. దాడి చేసినవాడు చనిపోయాడు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి తన దెబ్బను బంగారం తూచినట్టు తూచి వేయలేడనీ, పిరికితనాన్ని చట్టం కోరదనీ కోర్టు అంది. నిర్దోషిగా వదిలేసింది. ఎంత మంచి తీర్పో! అయితే కాల్పులు జరిగింది 1991లో. కింది కోర్టు వదిలేస్తే హైకోర్టు శిక్ష వేసింది, సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. మొత్తం పందొమ్మిదేళ్లు. న్యాయం పూర్తిగా తన పక్కనే ఉన్న మనిషికి, లైసెన్స్ ఉన్న తుపాకీతో, కన్నతండ్రి కోసం పేల్చిన తూటాకు పట్టిన కాలమది. నాలుగెకరాల రైతు ఆ పందొమ్మిదేళ్లు వకీలు ఫీజులు కట్టుకుంటూ బతకగలడా?

ఇక మన నేల మీద హత్యలు ఎలా జరిగాయో చూడాలి. ఎవరికి వాళ్లు రక్షణ కోసం తుపాకులు పెట్టుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. రాయలసీమ, పల్నాడు ఆ ప్రయోగం చేసి చూశాయి. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని పార్టీ కార్యాలయంలోనే కాల్చి చంపారు. ఆయన చుట్టూ గన్‌మెన్ ఉన్నారు. 2011 జనవరి 3న హైదరాబాద్‌లో మద్దెలచెర్వు సూరిని కాల్చింది అదే కారులో ఉన్న అనుచరుడు భానుకిరణ్. కాపలా కోసం పక్కన పెట్టుకున్న తుపాకీ ఎటు తిరుగుతుందో కట్టుకున్నవాడి చేతిలో కూడా లేదని ఆ రెండు హత్యలూ చెప్పాయి. ఫ్యాక్షన్ ఊళ్లలో ఎక్కువ ప్రాణాలు తీసినవి నాటు బాంబులు, వేటకొడవళ్లు. చంపాలని వచ్చేవాడు పదిమందితో వస్తాడు, మనం ఏమరుపాటుగా ఉన్న గడియ చూసుకుని వస్తాడు. నడుముకున్న పిస్టల్ మీద చెయ్యి పడే వ్యవధి ఇవ్వడు.

ఎన్నికలప్పుడు ఇంకో విచిత్రం కనిపిస్తుంది. ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే లైసెన్స్ తుపాకులను స్టేషన్‌లో అప్పగించమంటారు. 2024 మే 13న దర్శి నియోజకవర్గంలో పోలింగ్ 90 శాతం దాటింది, రాష్ట్రంలోనే అత్యధికం. జనం అంత పట్టుదలగా ఓటేసే నేల మనది. ఆ మర్నాడు, మూడోనాడు పక్కనే పల్నాడులో పెట్రోలు బాంబులు, కర్రలు, రాళ్లు. ఎన్నికల సంఘం పల్నాడు ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టరును బదిలీ చేసింది, ఆ గొడవల మీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది. ఆ రెండు రోజులు ఆ వీధుల్లో వందమంది దగ్గర పిస్టళ్లు ఉండి ఉంటే శవాల లెక్క ఎలా ఉండేదో ఊహించడానికే మనసు ఒప్పదు. తుపాకీ అత్యవసరమనిపించే గడియలోనే దాన్ని లాగేసుకోవాలని ప్రభుత్వానికి తోచిందంటే, ఊరి కక్షలో తుపాకీ ఏ పాత్ర పోషిస్తుందో అధికారులకు బాగా తెలుసన్నమాట.

ఈ మొత్తం చర్చలో నన్ను కుదురుగా ఉండనివ్వని వాదం ఒకటే. అది దళితుల వైపు నుంచి వచ్చేది. 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద అగ్రకుల భూస్వాములు గొడ్డళ్లు, బరిసెలు, కర్రలతో పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడపిల్లల్ని చెరిచారు. మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు మురికి చేస్తుంటే అదేమని అడిగినందుకు మొదలైన గొడవ అది. ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరిన జనం తిరిగి ఆ ఊళ్లో బతకలేకపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కట్టి కాలువలో పడేశారు. పోలీసులు ఊళ్లో ఉండగానే. ఇటువంటి చోట ఇటువంటి మనుషులకు "పోలీసులున్నారు, మీకెందుకు ఆయుధం" అని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

చట్టం కూడా అలా చెప్పలేకపోయింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని కింద 1995లో చేసిన నిబంధనల్లో మూడోది చదవండి. అత్యాచారాలు జరిగే అవకాశమున్న చోట ఇతర కులాల వాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి ఆ తుపాకులను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ ఆయుధాలు పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకే ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి. బలవంతుడి చేతిలోంచి తీసి బలహీనుడి చేతిలో పెట్టమన్న ఈ వరుస ఎంత ఆలోచించి రాసిందో! మొదటి రెండు మాటలను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మూడోదాన్ని కాదనే హక్కు, ఆ పల్లెల్లో పుట్టని వాళ్లెవరికీ లేదు.

అయినా ఒకటి అడగాలి. ఆయుధాలను బజారుకు వదిలేస్తే ముందు ఎవరి చేతికి చేరతాయి? 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ నిర్భీక్ అనే .32 రివాల్వర్ తెచ్చింది. బరువు అర కిలో. అప్పటి ధర సుమారు లక్షా ఇరవై రెండు వేలు. ఉపాధి హామీలో రోజుకు మూడొందల చొప్పున ఏడాదికి వంద రోజుల పని పూర్తిగా దొరికితే, ఆ కుటుంబం నాలుగేళ్ల కూలి అది. తినకుండా దాస్తే. అదే డబ్బు మోతుబరికి ఒక కోతకు వచ్చే కాయల్లో కొంత. లైసెన్స్ నివేదిక రాసే స్టేషన్లో ఎవరికి కుర్చీ వేస్తారో, ఎవరిని గుమ్మం బయట నిలబెడతారో చెప్పనక్కర్లేదు. ఊళ్లో భూమి ఎలా పంచి ఉందో తుపాకీ కూడా అలాగే పంచబడుతుంది. కారంచేడులో ఒక పక్క గొడ్డళ్లుండి, రెండో పక్క ఏమీ లేకపోయింది. లైసెన్సులు ధారాళంగా ఇచ్చే రోజుల్లో అదే దాడి జరిగితే ఒక పక్క తుపాకులుండేవి, రెండో పక్క అప్పుడూ ఏమీ ఉండేది కాదు.

కారంచేడు బాధితులు చీరాల శిబిరం నుంచి నిలబెట్టింది దళిత మహాసభను. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు దాన్ని నడిపారు. 1989 చట్టం వెనక ఆ పోరాటం ఒత్తిడి ఉంది. చుండూరులో నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు, 2007లో అది 21 మందికి యావజ్జీవం వేసింది. అక్కడితో కథ బాగా ముగిసిందని అనను. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది, బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. కారంచేడు కేసులో తుది తీర్పు రావడానికి 2008 పట్టింది, ఇరవై మూడేళ్లు. న్యాయం ఇంత ఆలస్యమైతే మనిషి ఆయుధం వైపు చూస్తాడు. ఆ చూపును తప్పు పట్టేముందు ఆ ఆలస్యాన్ని తప్పు పట్టాలి.

ఆడవాళ్ల రక్షణకు తుపాకీ అన్న మాట కూడా దాదాపు ఇలాగే తేలుతుంది. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అయిన కేసులు తొంభై శాతానికి పైనే ఉంటున్నాయని జాతీయ నేర గణాంకాలు ఏటా చూపిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు ముప్పై శాతం మంది భర్త చేతిలో హింస చూశామని అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పారు. బెల్టు షాపు నుంచి ఇంటికొచ్చే మనిషి మీద భార్య తుపాకీ తీస్తుందా, ఆ ఇంట్లో ఉన్న తుపాకీ అతనికి ముందు దొరుకుతుందా? 2019 నవంబర్ 27 రాత్రి హైదరాబాద్ శివార్లలో దిశను చంపినవాళ్లు బండి టైరులో గాలి తీసి, సాయం చేస్తామని దగ్గరికొచ్చారు. ఆ రాత్రి ఆమె కుటుంబం స్టేషన్ నుంచి స్టేషన్‌కు తిరిగింది, మా పరిధి కాదంటే మా పరిధి కాదన్నారు. జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసుల్ని ఆ తర్వాత సస్పెండ్ చేశారు. నిందితులను ఎన్‌కౌంటర్‌లో చంపేస్తే చప్పట్లు కొట్టాం. ఆ ఎన్‌కౌంటర్ కథనం నమ్మదగ్గది కాదని సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. తుపాకీ ఆ అమ్మాయిని కాపాడలేదు, ఆమెకు న్యాయమూ చేయలేదు. మొదటి ఫోన్‌కు బండి కదిలి ఉంటే ఏమో!

2025 మహిళా దినోత్సవం నాడు మన మార్కాపురంలోనే ముఖ్యమంత్రి శక్తి యాప్ ప్రారంభించారు. యాప్ మంచిదే. నొక్కాక ఎన్ని నిమిషాలకు మనిషి వస్తాడన్న దాని మీదే దాని విలువ ఆధారపడి ఉంటుంది. ఇక పిల్లలు బ్యాగులో పెట్టుకోవాలంటే కారం స్ప్రే ఉంది, దానికి లైసెన్స్ అక్కర్లేదు. మిరప కోసే మన ఆడవాళ్లకు దాని ఘాటు గురించి చెప్పాల్సిన పని లేదు.

పంట కాపలా గురించి రెండు ముక్కలు. అడవి పందుల బెడద నల్లమల అంచు ఊళ్లలో నిజమైన బాధ. పంట రక్షణకు గొట్టంలో మందు దట్టించి పేల్చే తుపాకీకి లైసెన్స్ అడిగే వీలు ఆయుధాల చట్టంలోనే ఉంది. అది పొడవు తుపాకీ, పొలంలో ఉండేది. జేబులో దాచే పిస్టల్‌తో దానికి చుట్టరికం లేదు. పొలం చుట్టూ కరెంటు తీగ కట్టి పక్క రైతు ప్రాణం తీయడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఇక అమెరికా సంగతి. అక్కడ సుప్రీంకోర్టు 2008లో ఇంట్లో తుపాకీ ఉంచుకోవడాన్ని వ్యక్తి హక్కుగా గుర్తించింది. 2022 జూన్‌లో న్యూయార్క్ కేసులో, బయటకు తుపాకీ తీసుకెళ్లడానికి ప్రత్యేక కారణం చూపాలన్న నిబంధనను కొట్టేసింది. సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే దాచి తిరగొచ్చు. జాన్ లాట్ 1998లో రాసిన పుస్తకంలో తుపాకులు పెరిగితే నేరాలు తగ్గుతాయన్నాడు. ఏటా పాతిక లక్షలసార్లు అమెరికన్లు తుపాకీతో తమను కాపాడుకుంటున్నారని గ్యారీ క్లెక్ 1995లో లెక్కగట్టాడు. ఆ దేశ ప్రభుత్వ సర్వేలు మాత్రం ఆ సంఖ్యను లక్ష దరిదాపుల్లోనే చూపుతూ వచ్చాయి. లాట్ వాదానికి నమ్మదగ్గ ఆధారం లేదని 2004లో జాతీయ పరిశోధనా మండలి చెప్పింది. దాచి తిరిగే హక్కు ఇచ్చిన రాష్ట్రాల్లో పదేళ్లకు హింసాత్మక నేరాలు 13 నుంచి 15 శాతం ఎక్కువయ్యాయని జాన్ డోనహ్యూ బృందం 2019లో తేల్చింది. రెండు పక్కలా చదివాక నాకు బరువుగా తోచింది రెండో పక్కే.

ఈ లెక్కలు మనకు పరాయివి కావు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక జాతి ద్వేషి కాల్చి చంపాడు. అప్పటికి దాదాపు రెండేళ్లుగా ఆ రాష్ట్రంలో పర్మిట్ లేకుండా తుపాకీ దాచి తిరగొచ్చు. హంతకుడికి అడ్డుపడ్డ ఇయన్ గ్రిల్లాట్ చేతిలో తుపాకీ లేదు, ధైర్యం ఉంది. అతనూ తూటా తిన్నాడు. 2024 జూన్‌లో పొట్టకూటికి అమెరికాలోనే ఓ దుకాణంలో పనిచేస్తున్న బాపట్ల జిల్లా యువకుడు దుండగుడి కాల్పుల్లో పోయాడు. అదే ఏడాది నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడు కొత్త తుపాకీ శుభ్రం చేసుకుంటుంటే అది పేలి చనిపోయాడు. మూడు రకాల చావులు. మూడింటికీ తుపాకీ తేలిగ్గా దొరకడమే మూలం.

మన దేశంలోనూ లైసెన్సులు తక్కువేం కాదు. 2016 చివరికి దేశమంతా 33 లక్షలకు పైగా ఉంటే, అందులో దాదాపు 12.8 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. అన్ని తుపాకులున్న ఆ రాష్ట్రం సామాన్యుడికి ప్రశాంతమైన చోటని ఎవరూ అనరు. 2025 మేలో అస్సాం ప్రభుత్వం సరిహద్దు ప్రాంతాల స్థానికులకు లైసెన్సులిస్తామంది. అక్కడి భయాలు వేరు, అయినా మనిషిని మనిషి మీదికి సాయుధం చేసే ఆ దారి నాకు దిగులు పుట్టిస్తోంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా పక్కన పెట్టినా, ఈ నల్లరేగడి నేలలో తుపాకీ వద్దనడానికి నాకున్న అసలు కారణం వేరే. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. మందు మీద మందు కొట్టినా దోమ చావలేదు. అప్పులు పెరిగాయి. పదుల సంఖ్యలో రైతులు అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. రైతు ఆత్మహత్యలన్న మాట దేశం వినడం మొదలుపెట్టింది ఇంచుమించు మన దగ్గర్నుంచే. ఆ తర్వాత పంటలు మారాయి, ధరలు పెరిగాయి, పడ్డాయి. 2023లో ఇరవై వేలు దాటిన మిర్చికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సిన గతి పట్టింది. అలాంటి ఏడు కౌలు రైతు ఇంట్లో రాత్రి ఎలా గడుస్తుందో ఇక్కడివాళ్లకు తెలుసు.

ఆ చావుల్లో చాలావాటి వెనక నెలల తరబడి ఆలోచన ఉండదు. అప్పిచ్చినవాడు నలుగురిలో అన్న ఒక మాట, ఇంట్లో ఒక గొడవ, ఒక చెడ్డ గంట. ప్రాణం తీసేది చేతికందేంత దూరంలో ఉండటమే తేడా తెస్తుంది. ఆ గంట దాటించగలిగితే చాలామంది బతుకుతారు, మళ్లీ ఆ దారి తొక్కరు. శ్రీలంక 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒకదాని తర్వాత ఒకటి నిషేధిస్తే పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి పడింది. ఇజ్రాయెల్ సైన్యం 2006లో, వారాంతం ఇంటికెళ్లే కుర్ర సైనికులను తుపాకీ శిబిరంలోనే వదిలి వెళ్లమంది. వాళ్లలో ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. అమెరికాలో 2021లో తుపాకీతో పోయిన 48 వేల పైచిలుకు మందిలో సగానికన్నా ఎక్కువ మంది తమను తామే కాల్చుకున్నవాళ్లు. దొంగ కోసమని కొన్న తుపాకీ దొంగ రాకముందే ఇంటి మనిషిని తీసుకుపోతోంది. గట్టు తగాదాలో, తాగిన మత్తులో, అన్నదమ్ముల పంపకాల్లో జరిగేదీ ఇంతే. ఇవాళ చేతికర్రతో, చెంపదెబ్బతో పోయే కోపం మర్నాటికి పెద్దమనుషుల మధ్య రాజీకి వస్తుంది. తూటా పేలాక రాజీకి కూర్చోవడానికి మనిషి ఉండడు.

అందుకే నా తీర్పు సూటిగా చెబుతున్నాను. దర్శి ప్రాంతంలో సామాన్యుడికి దాచుకు తిరిగే తుపాకీ అవసరం లేదు. పేరు పెట్టి బెదిరింపులున్న మనిషికి, అత్యాచారాల చరిత్ర ఉన్న పల్లెకు చట్టం తెరిచి ఉంచిన దారి తెరిచే ఉండాలి. ఆ దరఖాస్తులను కులం చూసి తొక్కిపెట్టకూడదు. మిగతావాళ్లు లైసెన్స్ కోసం తిరిగే కాళ్లతోనే ఇంకొన్ని అడగండి. మిర్చి కాలంలో కల్లాల వైపు రాత్రి గస్తీ అడగండి. 112కు ఫోన్ చేస్తే బండి ఎంతసేపటికి వస్తోందో గ్రామసభలో నిలదీయండి. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేసి పెట్టండి, మనసు బాగోలేని మనిషి ఇంట్లో ఉంటే టెలిమానస్ 14416కు ఫోన్ చేయించండి. ఎస్సై ఫిర్యాదు తీసుకోనంటే వెనక్కి రాకండి. పరిధి ఎవరిదైనా మొదట వచ్చిన స్టేషన్లోనే కేసు నమోదు చేయాలనీ, చేయకపోతే ఆ ఫిర్యాదును పోస్టులో నేరుగా ఎస్పీకి పంపొచ్చనీ, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చనీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది.